నీళ్లు పోయకూడని తోట

ఒట్టు

బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్తే ఇసుక నేలల్లో మా ఊరు వస్తుంది. అక్కడ మాకు మూడెకరాల జీడిమామిడి తోట ఉంది. మా అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో తన చేత్తో గింజలు పెట్టి పెంచిన చెట్లు అవి. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చెట్లు మాత్రం ఏటా పూత పూసి, వీధి చివరి దాకా వాసన పంపిస్తూ, ఆమె ఉన్నప్పటి దర్జాతోనే ఉన్నాయి. ఆ తోట కొట్టించేసి ద్రాక్ష వేద్దామన్న బుద్ధి మా ఆయనకు పుట్టింది. అదీ తినే ద్రాక్ష కాదు, వైను తీసే ద్రాక్ష.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. కంపెనీలు రైతులతో ఒప్పందాలు రాసుకుని వైను ద్రాక్ష పండిస్తున్నాయని అప్పుడప్పుడే వింటున్నాం. సముద్రం పక్కన వేడి నేలల్లో కూడా ఆ తీగ బాగా వస్తుందని ఈయన ఎక్కడో చదివాడు. చదివినవాడు ఊరుకోలేదు. రైతుల శిక్షణకు వెళ్లి, అక్కడ అనంతపురం జిల్లా గార్లదిన్నె నుంచి వచ్చిన ఓబుళరెడ్డి అనే ఆయనతో స్నేహం చేసుకుని వచ్చాడు. ఆయన తోటలో వైను ద్రాక్ష కోతకు వచ్చిందట, వచ్చి చూడమన్నాడట. చూసి రావడానికి సంచీ కూడా సర్దుకున్నాక మా ఆయన గట్టు మీద కాలుజారి మడమ విరగ్గొట్టుకున్నాడు. చెట్లు నరికే మనుషులతో మాత్రం అప్పటికే మాట అయిపోయింది. వచ్చే సోమవారం గొడ్డళ్లతో దిగుతారు.

"నేను వెళ్తాను" అన్నాను.

"నీకేం తెలుసు ద్రాక్ష గురించి?"

"మీకేం తెలుసు? చదివారు. నేను చూసి వస్తాను."

నాకు కాలు ఒకచోట నిలవదు. పెళ్లయిన దగ్గర్నుంచీ అవే చెట్లు, అదే ఇసుక, అదే సముద్రం హోరు. ఎవరు ఎక్కడికి పిలిచినా చెప్పులు వేసుకునే రకాన్ని. కానీ ఈ ప్రయాణం సరదాకి కాదు. లోపాలు వెతకడానికే బయల్దేరాను. పూతా పిందే మీదున్న చెట్లను నరకడం నాకు మనస్కరించలేదు. అందుకని ఆయన్ను అత్తగారి ఫోటో ముందు కుంటుకుంటూ నిలబెట్టి ఒట్టు వేయించాను. నేను ఫోన్ చేసేదాకా ఒక్క కొమ్మ తెగకూడదు. చూశాక నేను వెయ్యమంటే వెయ్యడం, వద్దంటే మానడం. ఆయన కూడా నన్ను ఒట్టు వేయించాడు. చూసింది చూసినట్టు చెప్పాలి, చెట్ల మీద ప్రేమతో అబద్ధం ఆడకూడదు. ఇద్దరం ఒకర్నొకరు బాగా ఎరిగినవాళ్లం.

గుంటూరు నుంచి గుంతకల్లు

ప్యాసింజరు రైలు నల్లమల దాటేదాకా కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాను. ఆ అడవి వెనక్కి పోయాక చెట్లు పలచబడ్డాయి, తరువాత పొదలయ్యాయి, తరువాత అవీ పోయి రాళ్లు మిగిలాయి. నాకు గుబులు మొదలైంది. లేచి తలుపు దగ్గరికి, తలుపు దగ్గర్నుంచి సీటుకు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే ఎదురు సీటులో ఉన్న పెద్దమనిషి తన మూట జరిపి చోటిచ్చాడు. ధర్మవరం నేతగాడు. గుంటూరులో పట్టుచీరలు ఇచ్చి ఇంటికి వెళ్తున్నాడు.

"యాడికి పోతాండావమ్మా?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు.

"మా సీమోళ్లు నీళ్లు చూసేదానికి మీ దిక్కు వస్తారు. నువ్వు తోట చూసేదానికి మా దిక్కు వస్తాండావు. బాగుండాది."

నా పులిహోర ఆయన తిన్నాడు, ఆయన జొన్నరొట్టె నేను తిన్నాను. రొట్టెతోపాటు ఊరుబిండి అని వేరుశనగ పప్పు, ఎండుమిరపకాయలు నూరిన పచ్చడి పెట్టాడు. కారానికి పుట్టిల్లు గుంటూరని ఇన్నాళ్లూ గొప్పలు పోయాను. ఆ పచ్చడి తిన్నాక నోరు మూసుకున్నాను.

రాత్రంతా ఆగుతూ ఆగుతూ నడిచిన బండి గుంతకల్లులో దింపేసరికి తెల్లవారింది. స్టేషను బయట బండి మీద ఉగ్గాణి అమ్ముతున్నారు. మరమరాలు తడిపి, ఉల్లిపాయా పసుపూ వేసి తాలింపు పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు ఇస్తారు. ఐదు రూపాయలు. మా వైపు మరమరాలంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ పనివాళ్లు, గుమాస్తాలు, పోలీసులు అందరూ నిలబడి అదే పొద్దుటి ఫలహారంగా తింటున్నారు. నేను డబ్బులు ఇవ్వకముందే బండి ఆవిడ చెంబుతో నీళ్లు నా చేతిలో పెట్టింది. వద్దన్నాను, సీసాలో ఉన్నాయన్నాను. "ఉంటే ఉండనీలే, తాగు" అంది. తాగేదాకా పళ్లెం ఇవ్వలేదు.

విడపనకల్లు: రాళ్లు మిగిలిన చోటు

ఓబుళరెడ్డి ఇంటికి తిన్నగా వెళ్లకుండా బళ్లారి దారిలో విడపనకల్లుకు బస్సెక్కాను. అక్కడ ద్రాక్ష వేసి దెబ్బతిన్న రైతు ఒకాయన ఉన్నాడని శిక్షణలో ఎవరో అన్నారట. మా ఆయన ఆ మాట నాకు చెప్పలేదు. ఫోన్లో ఇంకెవరితోనో అంటుంటే విన్నాను. లోపాలు వెతికేవాళ్లకు ఇంతకన్నా మంచి గుమ్మం ఉంటుందా?

ఆయన పేరు వన్నూరప్ప. చేను చూపించమంటే రోడ్డు పక్కనే ఉందని చూపించాడు. నల్లరేగడి నేలలో వరసలు వరసలుగా మనిషెత్తు రాతి కూసాలు పాతి ఉన్నాయి. ద్రాక్ష తీగను మోయడానికి ఇక్కడ కొయ్య గుంజలు వాడరు. కొండరాయి చీల్చి కూసాలు చేస్తారు. ఆ రాళ్ల మీద తుప్పు పట్టిన ఇనప తీగలున్నాయి. ద్రాక్ష తీగ ఒక్కటి కూడా లేదు. ఒక వరసకు ఎవరిదో చీర ఆరేసి ఉంది.

"బోరు ఎండిపాయె. ఇంకోటి వేస్తిమి. అదీ ఎండిపాయె" అన్నాడు వన్నూరప్ప. చెప్పే తీరులో ఏడుపు లేదు, బస్సు తప్పిపోయిందన్నట్టు చెప్పాడు. "ఎండిన తీగలు పొయ్యిలోకి పనికొచ్చినాయి. రాళ్లు పీకితే కూలి దండగ. ఉండనీ అని వదిలేసినా."

నాకు లోపల్లోపల సంతోషం వేసింది. ఎదుటివాడి తోట ఎండిపోతే సంతోషించే మనిషినైపోయానని అప్పుడు సిగ్గు కూడా వేయలేదు. ఫోన్ ఎక్కడుందని అడిగాను. సంగతి విని ఆయన నన్ను కిందా మీదా చూశాడు.

"ఎండిన తోట చూసి పోయి ద్రాక్షే చెడ్డదంటావా? అదేం న్యాయం తల్లీ. నీళ్లు లేక ఎండింది. తీగదేం తప్పు? పచ్చని తోట కూడా చూసి, అప్పుడు చెప్పుపో."

మా ఆయనకు నేను వేసిన ఒట్టు కూడా అదే కదా. ఫోన్ చేయలేదు. గార్లదిన్నె బస్సు కోసం నిలబడితే గుత్తి బస్సొచ్చింది, కంగారులో అది ఎక్కేశాను. గుత్తిలో దిగి ఇంకోటి పట్టుకునేసరికి చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి తాడు కట్టిన చెప్పుతో ఓబుళరెడ్డి ఇంటి ముందు దిగాను.

గార్లదిన్నె: తీగల మధ్య

ఓబుళరెడ్డి యాభై దాటిన మనిషి. ఒకప్పుడు వాళ్ల నాయన ఊరి సర్పంచి. ఆ పెద్దాయన ఇంకా తలపాగా తీయకుండా అరుగు మీద కూర్చునే ఉంటాడు. ఇంటి ఇల్లాలు నారాయణమ్మ. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఊరు, పేరు, వచ్చిన పని తరువాత. ముందు నీళ్లు. మా వైపు వచ్చినవాళ్లను కూర్చోమంటాం, కాసేపటికి కాఫీ తెస్తాం. నీళ్లు ఎవరైనా అడిగితే ఇస్తాం.

"తాగక్కా. తాగి మాట్లాడు."

"అన్నగారూ, మా ఆయనకు కాలు విరిగింది. నేను చూసిపోదామని" అని మొదలుపెట్టాను.

"కాలు ఇరిగింది గదా, కండ్లు ఇరగలేదు గదా. నీ కండ్లయితే ఏం, ఆయన కండ్లయితే ఏం. రా, చూపిస్తా" అని ఓబుళరెడ్డి నన్ను అట్నించి అటే తోటలోకి తీసుకెళ్లాడు.

ఇక్కడ నా సంగతి నేను చెప్పుకోవాలి. ఆ తోటలో అడుగు పెట్టిన కాసేపటికి నేను ఎందుకొచ్చానో మరిచిపోయాను. ఎర్రమట్టి నేల, చుట్టూ బోడి గుట్టలు, వాటి మధ్య వరసగా రాతి కూసాలు, తీగలు కంచెలాగా అల్లుకుని, ఆకుల కింద నల్లటి గుత్తులు. ఒక్కో కాయ రేగుపండుకన్నా చిన్నది. మీద బూడిద జల్లినట్టు పొర. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనక పులుపు, తోలు నమిలితే నోరంతా బిగుసుకుంది. లోపల గింజలు.

"బజారులో ఇది పిల్లోళ్లు కూడా ముట్టరు" అన్నాడు ఓబుళరెడ్డి. "కంపెనీ ఒక్కటే కొంటాది. వాళ్లు వద్దంటే మేకలకే."

కంపెనీ అడిగేది ఒక్కటే, కాయలో చక్కెర. దాన్ని కొలిచే గొట్టం ఒకటి ఉంటుంది. అందులో అంకె ఇరవై రెండు దాటితే కాయ కోస్తారు. దాటాలంటే కాయ రంగు తిరిగిన దగ్గర్నుంచీ తీగకు నీళ్లు తగ్గించుకుంటూ వచ్చి, కోతకు ముందు పూర్తిగా ఆపేయాలి. దాహం వేస్తేనే తీగ తన బలమంతా కాయలోకి పంపిస్తుందట. నీళ్లు దొరికితే కాయ ఉబ్బి, రసం పలచనైపోతుంది. మోటారు దగ్గర పెద్ద వాల్వు చూపించి, "పక్షం దినాలైంది కట్టేసి" అన్నాడు. వరసగా మూడేళ్లు వానల్లేక, ఉన్న చీనీ తోట, అంటే బత్తాయి తోట, కళ్ల ముందే ఎండిపోయిందట ఆయనకు. రెండేళ్ల కిందట వేసిన బోరులో నాలుగు వందల అడుగుల కింద నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లతో బతికిన తోట ఇది. వచ్చే మనిషి కొలిచి సరే అంటే ఈ ఏడు గట్టెక్కినట్టే.

రెండు రోజులు నేను ఆ తోటలోనే తిరిగాను. కూర్చోమంటే కూర్చోలేదు. గుత్తులకు ఎండ తగిలేలా అడ్డు ఆకులు తుంచడం నారాయణమ్మ నేర్పింది. మధ్యాహ్నం రాగి సంగటి ముద్దలో గుంట చేసి పప్పు పోసి పెట్టింది. నేను నమిలాను. "నమలకూడదక్కా, మింగల్ల" అని ఇంటిల్లిపాదీ చెప్పారు. పెద్దాయన నాకోసం ఒక ముద్ద మింగి చూపించాడు కూడా.

"సారాకు పండించడం మీకు ఎట్లా ఉంటుంది?" అని నారాయణమ్మను అడిగాను.

"మా అత్త ఉంటే ఇంట్లోకి రానిచ్చేది కాదు. నాకూ మొదట కష్టమాయె. కానీ తీగకేం తెలుసక్కా తాను సారా అయితానని? అది పండు కాస్తాది. నేను పండునే చూస్తాండా."

రెండో రోజు సాయంత్రానికి మా ఇసుకలో రాతి కూసాలు ఎక్కడ పాతించాలో మనసులో లెక్క వేసుకుంటున్నాను. మా ఆయన ముందు ఎలా ఒప్పుకోవాలా అన్నదే మిగిలిన చింత. మా జీడిచెట్లు కళ్లముందుకొస్తే చికాకు వేసింది. ఇన్నేళ్లుగా చూసిందేగా అనిపించింది. నిలకడలేని మనసు నాది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఉన్నది కంటికి ఆనలేదు.

మూడు రహస్యాలు

ఇంకొకటి కూడా ఆ రెండు రోజుల్లోనే జరిగింది.

మొదటి సాయంత్రం అన్నం తిన్నాక నారాయణమ్మ గిన్నెలు కడిగిన నీళ్లు బానలో పట్టి తీసుకెళ్లి ఇంటి వెనక వరసలో తీగల మొదళ్లకు పోసింది. నేను చూశానని తెలిసి దగ్గరికొచ్చింది. "కడిగిన నీళ్లే గదా. ఆకులు ముడుచుకుంటాంటే చూడలేకపోతాండా. మా ఆయప్పకు చెప్పొద్దక్కా."

మర్నాడు పెద్దాయన ఎద్దుల తొట్టి దగ్గర్నుంచి చెంబు మీద చెంబు మోసుకుంటూ వెళ్తున్నాడు. "ఎద్దులు మిగిల్చినవి. పారబోస్తే పాపం. నా కోడలికి చెప్పద్దు, అరుస్తాది" అన్నాడు.

ఆ మరుసటి తెల్లవారుజామున నాకు నిద్రపట్టక తోటలోకి వెళ్తే మోటారు చప్పుడు. ఓబుళరెడ్డి వాల్వు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి బడిపిల్లాడిలా ఉలిక్కిపడ్డాడు. "మోటారు తుప్పు పడ్తాదని రవ్వంతసేపు ఆడిస్తాండా. అంతే. మా నాయనకు తెలిస్తే తిడ్తాడు."

ముగ్గురి రహస్యాలూ కడుపులో దాచుకున్నాను. ఇక నా సంగతా? మా ఊరి అలవాటు కొద్దీ రోజుకు రెండు పూటలా, పూటకు రెండు బక్కెట్ల నీళ్లు పోసుకున్నాను. స్నానాల గది కాలువ ఎటు పోతుందో చూడాలని నాకు తట్టలేదు.

చక్కెర కొలత

కంపెనీ మనిషి మంజునాథ బెంగళూరు వైపునుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఓబుళరెడ్డి ఆయన్ను సార్ అంటాడు, ఆయన ఓబుళరెడ్డిని కన్నడ మర్యాదలో గౌడ్రే అంటాడు. ఈయనకూ ముందు నీళ్లే ఇచ్చారు. ఆయన వరసకు ఇన్ని కాయలు కోసి, పిండి, రసం చుక్క గొట్టం అద్దం మీద వేసి వెలుతురుకు పెట్టి చూశాడు. ఇంకో వరస చూశాడు. మళ్లీ మొదటి వరసకొచ్చాడు. మేమంతా ఆయన వెనకే, పెళ్లికొడుకు వెనక నడిచినట్టు నడుస్తున్నాం.

"పద్దెనిమిది" అన్నాడు. "ఇంటి వెనక వరసలో పదహారు. పోయినసారి నేను చూసినప్పుడు ఇంతే ఉండె. పెరగల్ల గదా. ఎవురు నీళ్లు పెట్టినారు?"

ఓబుళరెడ్డి వాల్వు వైపు చూశాడు, నారాయణమ్మ బాన వైపు, పెద్దాయన నా వైపు.

"నేను చెంబుతో రవ్వంత పోసినా" అన్నాడు పెద్దాయన.

"నాయనా, నువ్వా?" అన్నాడు ఓబుళరెడ్డి.

"నేనూ పోసినా. గిన్నెలు కడిగినవి" అంది నారాయణమ్మ.

ఓబుళరెడ్డి తల వంచుకుని, "మోటారు తుప్పు పడ్తాదని" అన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే పెళ్లాం అందుకుంది. "తుప్పా? దినామూ పొద్దున్నే తుప్పా?"

మంజునాథ కాలువ వెంట నడిచి స్నానాల గది దాకా వచ్చాడు. కాలువ తిన్నగా ఇంటి వెనక వరసలోకే పోతోంది. అందరూ నన్ను చూశారు. నేను పైట సర్దుకున్నాను.

"ఏం గౌడ్రే ఇది? ఇది ద్రాక్ష. చంటిబిడ్డ కాదు" అన్నాడు మంజునాథ విసుగ్గా.

పెద్దాయన కర్ర ఆనించుకుని ఆయన ముందుకొచ్చాడు. "మూడేండ్లు నీళ్లు లేక ఎండబెట్టినాం సామీ. మా కండ్ల ముందర చెట్టు చచ్చిపోతాంటే చూసినాం. ఇప్పుడు దేవుడు నీళ్లిచ్చినాడు. నీళ్లు పెట్టుకోనుండి ఎండబెట్టమంటే ఎట్ల చేతులొస్తాయి? నువ్వయితే చేస్తావా?"

మంజునాథ గొట్టం తుడుచుకుని సంచీలో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండా చేసిన తప్పు ఒక్కటే. కంపెనీ పాఠం అందరికీ కంఠతా వచ్చు. చెయ్యే వినలేదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వాల్వుకు గొలుసు, తాళం వేసి తాళంచెవి మంజునాథ జేబులో వేసుకుంటాడు. స్నానాల కాలువ మునగచెట్టుకు మళ్లిస్తారు. పది రోజులు చుక్క పడకూడదు. అప్పటికి అంకె పెరిగితే కోస్తారు, లేకపోతే లేదు. ఓబుళరెడ్డి తాళం వేస్తుంటే నారాయణమ్మ మొహం అటు తిప్పుకుంది.

అప్పుడు నేను నా ప్రశ్న అడిగాను. మా ఊళ్లో వేస్తే వస్తుందా అని.

"మీ దగ్గర నీళ్లు ఎంత లోతులో పడ్తాయి మేడం?" అన్నాడు మంజునాథ.

నాకు గొప్ప చెప్పుకునే అవకాశం దొరికింది. "మాకు బోర్లెందుకండీ? దొరువు తీస్తాం. అంటే ఇసుకలో గుంట. మోకాళ్ల లోతు తీస్తే నీళ్లు ఊరతాయి. ఎండాకాలం అయితే ఇంకో మూరెడు."

నాలుగు వందల అడుగుల బోరున్న ఓబుళరెడ్డి నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూశాడు. పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇంగోసారి చెప్పు తల్లీ. ఎంత లోతు?"

"మోకాళ్ల లోతు, పెద్దాయనా."

"మోకాళ్ల లోతంట" అని ఆయన తనలో తనే అనుకున్నాడు.

మంజునాథ మోటారుసైకిలు ఎక్కి తాళంచెవి జేబు తట్టుకున్నాడు. "ఈడ మోటారుకు తాళం వేసినాం. మీ ఊర్లో భూమికి యాడ తాళం వేస్తారు మేడం?"

అనంతపురం: ఎస్టీడీ బూత్

అనంతపురం దాకా ఓబుళరెడ్డే నన్ను దింపాడు. దారంతా నేను మంజునాథ మాటకు విరుగుడు వెతికాను. గట్లు ఎత్తు పోయిస్తే? సరుగుడు కొట్టేసిన మెరక మీద వేస్తే? ముందు నాలుగు మొక్కలు నాటి చూస్తే? ఒక్కోదానికి నా మనసే జవాబు చెప్పింది. వానాకాలంలో మా మెరక మీద కూడా అడుగులో నీళ్లు పడతాయి. లోపాలు వెతకడానికి వచ్చినదాన్ని, ఇప్పుడు దొరికిన లోపాన్ని దాచడానికి చూస్తున్నాను. వెయ్యమంటే మా ఆయన వేసేస్తాడు. నా మాటే ఖాయమన్నాడు. ఒక్క అబద్ధం చాలు, నా ఇంటి ముందు ఆ నల్లటి గుత్తులు వేలాడతాయనిపించింది.

స్టేషను ఎదురుగా బూత్‌లో నంబరు తిప్పాను. ఒక్క మోతకే ఎత్తాడు. ఫోను పక్కనే మంచం వేసుకుని ఉంటాడు.

"చెప్పు. మనుషుల్ని రమ్మంటావా?"

రైలు కూత ఒకటి వినిపించింది. అది పోయేదాకా ఆగాను.

"వద్దండీ."

"బాగాలేదా తోట?"

"ఎంత బాగుందో చెప్పలేను. అందుకే ఇంతసేపు పట్టింది. కానీ మన నేలలో రాదు. ఆ తీగకు దాహం వెయ్యాలి. మన ఇసుకలో దేనికీ దాహం వెయ్యదు."

"ఒట్టేనా?" అన్నాడు.

"ఒట్టు."

"సరే. చెట్ల మీద పిందె బాగా నిలిచింది ఈసారి" అన్నాడు. ఎంత ఆశ పెట్టుకున్నాడో ఆ గొంతులో తెలిసింది. రిసీవరు పెట్టేశాక నాకు ఏడుపు ఆగలేదు. అత్తగారి చెట్లు దక్కాయన్న సంతోషమో, అందని ద్రాక్ష మీద బెంగో, రెండూనో.

బూత్ ఆయన బిల్లు పక్కన పెట్టి లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. "తాగమ్మా ముందు. ఎవురు పోయినారు?"

"ఎవరూ పోలేదు నాయనా."

"పోకపోయినా తాగు" అన్నాడు. తాగాను.

తిరిగొచ్చాక

మా తోటలో జీడిగింజలు ఏరుతున్న రోజుల్లో ఫోన్ మోగింది. చేతులకు జీడి జిగురు అంటుకుని ఉంటే మోచేత్తో రిసీవరు చెవికి నొక్కుకున్నాను. గార్లదిన్నె నుంచి ఓబుళరెడ్డి. వెనక ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, పెద్దాయన గొంతు కూడా వినిపిస్తోంది.

"అక్కా, వానొచ్చిందక్కా. కోతకు రెండు దినాల ముందర. మామూలు వాన కాదు. వంక పారింది. మా నాయన అరుగు దిగి తడుసుకుంటా నిలబడినాడు, ఎంత పిలిచినా రాలేదు."

"మరి చక్కెర అన్నగారూ?"

"అంతకు ముందు దినం మంజునాథ సారు చూసినాడు. ఇరవై రెండుకు వచ్చిండె. వాన పడినాక ఇంగేముండాది, కాయలు పగిలినాయి. కంపెనీ వద్దనింది. మేకలు తింటాండాయి. బోరు మాత్రం నిండుగా పోస్తాండాదక్కా. నారాయణమ్మ దినామూ వరసలన్నిటికీ పెడ్తాండాది. ఇప్పుడు ఎవురూ అడ్డం చెప్పరు గదా."

ఆయన ముందు వాన సంగతి చెప్పి, తరువాతే పంట సంగతి చెప్పాడని ఫోను పెట్టేశాక తట్టింది. మా ఆయన చెట్టు కింద కర్ర ఊతంగా కూర్చుని గింజలు వేరుచేస్తున్నాడు.

"ఎవరు? ఓబుళరెడ్డా? ఏమంటాడు?"

"కోత ముందు వాన పడిందట."

"అయ్యో" అన్నాడు. మా వైపు కోత ముందు వాన పడితే ఎవరైనా అనే మాటే అది. నేనూ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అదే అన్నాను.

"అయ్యో అనకండి" అన్నాను. "ఆ ఊళ్లో వానకు ఆ మాట అనరు."